రాస్ప్‌బెరీ పై, టచ్ సెన్సర్, రిలే: ఎవరూ తాకకుండానే రాత్రి లైటు వెలుగుతోంది

గోదారిగట్టు
మా అమ్మకు వేళ్ల కీళ్లు వాచి ఉంటాయి. గోడ మీద స్విచ్ నొక్కడం ఆమెకు నొప్పి, పైగా రాత్రి మంచం దిగి చీకట్లో బోర్డు దాకా నడవాలి. అందుకని మంచం పక్కన చిన్న టచ్ పలక పెట్టి, దాన్ని తాకితే బాత్‌రూమ్ వైపు వసారాలో లైటు వెలిగేలా చేశాను.

సరంజామా ఇదీ. హాల్లో టీవీ వెనక రాస్ప్‌బెరీ పై 3 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, మంచం దగ్గర టీటీపీ223 అనే టచ్ సెన్సర్, మధ్యలో నాలుగు మీటర్ల వైరు. ఒక చానెల్ 5 వోల్టుల రిలే మాడ్యూల్ (చిన్న కరెంటుతో ఇంటి కరెంటును వేసి ఆర్పే స్విచ్), 9 వాట్ల ఎల్ఈడీ బల్బు. పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్: తాకితే వెలగాలి, మళ్లీ తాకితే ఆరాలి.

పగలు ఏ ఇబ్బందీ లేదు. రాత్రి మాత్రం ఎవరూ తాకకుండానే లైటు వెలుగుతోంది. అమ్మ తాకినప్పుడు ఒక్కోసారి వెలిగి వెంటనే ఆరిపోతోంది, నేను తాకితే ఎప్పుడూ అలా జరగదు. కరెంటు పోయి వచ్చినప్పుడు రిలే టక్కుమని దానంతట అదే ఆన్ అవుతోంది. "ఎందుకురా ఇదంతా, పాత స్విచ్చే ఉంచెయ్" అంటోంది అమ్మ. నాకు వదిలెయ్యాలని లేదు. ఆమెకు ఇది నిజంగా అవసరం. సెన్సర్ మార్చాలా, మొత్తం పద్ధతే మార్చాలా?

సోల్డర్‌పొగ
సెన్సర్‌కు కరెంటు రాస్ప్‌బెరీ 3.3 వోల్టుల పిన్ను నుంచి ఇస్తున్నారా, 5 వోల్టుల పిన్ను నుంచా? టీటీపీ223 2 నుంచి 5.5 వోల్టుల దాకా దేనిమీదైనా నడుస్తుంది. కానీ 5 ఇస్తే దాని అవుట్‌పుట్ కూడా 5 అవుతుంది. రాస్ప్‌బెరీ పిన్నులు 3.3 కంటే ఎక్కువ తట్టుకోవు. ముందు అది చెప్పండి. ఏ పిన్నులు వాడారు, ఏ అడాప్టర్, సెన్సర్ బోర్డు మీద ఏ, బి అని ఉండే చుక్కలు సోల్డర్‌తో కలిపారా, ఇవి కూడా.

కోఠీగల్లీ
సెన్సరే డౌట్. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే పదుల రూపాయల్లోనే దొరుకుతుంది. రెండు తెచ్చి మార్చి చూడన్నా, అంతే.

మూడుఫేజులు
సెన్సర్ సంగతి తర్వాత. 230 వోల్టుల వైపు ఎలా చేశారు? రిలే దేంట్లో పెట్టారు? బయట వేలాడుతోందా? రిలే గుండా వెళ్లేది ఫేజా, న్యూట్రలా? పెద్దావిడ తిరిగే చోటు కాబట్టి అడుగుతున్నా.

గోదారిగట్టు
@సోల్డర్‌పొగ 3.3 నుంచే, 1వ పిన్ను. సెన్సర్ అవుట్‌పుట్ జీపీఐఓ 17కి (ప్రోగ్రామ్ చదివే, నడిపే పిన్నులను జీపీఐఓ అంటారు). రిలే జీపీఐఓ 27కి, దాని కరెంటు 5 నుంచి. ఏ, బి చుక్కలు ముట్టుకోలేదు. అడాప్టర్ అంటే ఇంట్లో ఉన్న రెండు పిన్నుల ఫోన్ చార్జర్.
@మూడుఫేజులు రిలే మూతతో ఉన్న ప్లాస్టిక్ జంక్షన్ బాక్సులో ఉంది, గోడకు స్క్రూలతో బిగించాను. ఫేజే రిలే గుండా వెళ్తోంది, టెస్టర్‌తో చూశాను. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) ఉంది.

మూడుఫేజులు
అయితే సంతోషం. చాలామంది న్యూట్రల్‌ను తెంపి వదిలేస్తారు. లైటు ఆరిపోతుంది కానీ హోల్డర్‌లో ఫేజ్ బతికే ఉంటుంది, బల్బు మార్చే వాడికి షాక్. ఇంకో మాట: బ్రెడ్‌బోర్డు జంపర్ వైర్లు మెయిన్స్ (230 వోల్టుల) వైపు ఎక్కడా ఉండకూడదు. లైటింగ్‌కు వాడే 1 లేదా 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరే వేయాలి, పని చేసేటప్పుడు ఎంసీబీ దించాలి. స్విచ్ ఆపితే చాలనుకోవద్దు.

సోల్డర్‌పొగ
@కోఠీగల్లీ సెన్సర్ మార్చి చూడొచ్చు కానీ, అసలు తప్పు ఎక్కడుందో తెలియకుండా మారిస్తే రెండు రోజులు బాగుండి మళ్లీ మొదలవుతుంది. ఆయన చెప్పినవి మూడు వేరువేరు జబ్బులు. మూడింటికీ ఒకే మందు ఉండదు.

@గోదారిగట్టు ముందు ఒక పని చేయండి. ప్రోగ్రామ్‌లో, సెన్సర్ నుంచి "తాకారు" అన్న సిగ్నల్ వచ్చిన ప్రతిసారీ టైముతో సహా ఒక ఫైల్లో లైను రాయించండి. రిలేను ప్రోగ్రామ్ ఆన్ లేదా ఆఫ్ చేసిన ప్రతిసారీ ఇంకో లైను. రాత్రి లైటు దానంతట అదే వెలిగిన టైము చూసి పొద్దున ఫైలు తెరవండి. ఆ టైముకు "తాకారు" అని ఉంటే తప్పు సెన్సర్ వైపుంది. ఫైల్లో ఏమీ లేకుండా లైటు వెలిగితే తప్పు రిలే వైపు. దీనికి రూపాయి ఖర్చు లేదు, సగం అనుమానాలు పోతాయి.

పెంకుటిల్లు
మా ఇంట్లో దెయ్యం అనుకున్నది బల్లి. పలక మీద అది పాకుతుంటే లైటు వెలగడం నా కళ్లతో చూశాను. మీ ఫైల్లో "తాకారు" అని వస్తే ఎవరు తాకారో కూడా చూడండి 😀

కోఠీగల్లీ
బల్లికి కూడా బాత్‌రూమ్ దారి కనిపించాలి కదా 😀

పికోప్రియ
ఒక లైటు కోసం రాస్ప్‌బెరీ ఎందుకండీ? అది పూర్తి కంప్యూటర్. లైనక్స్ బూట్ అవ్వాలి, ఎస్‌డీ కార్డు బతికుండాలి, ప్రోగ్రామ్ నడుస్తుండాలి. టీటీపీ223 మీద బి చుక్క సోల్డర్ చేస్తే ఒకసారి తాకితే ఆన్, ఇంకోసారి తాకితే ఆఫ్, చిప్పే చూసుకుంటుంది. ఆ అవుట్‌పుట్‌ను ట్రాన్సిస్టర్ ద్వారా రిలేకు ఇచ్చేయండి. కోడ్ లేదు, బూట్ లేదు. తెలివి కావాలంటే ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డు తీసుకోండి, టచ్ పిన్నులు పది దాంట్లోనే ఉన్నాయి.

గోదారిగట్టు
@పికోప్రియ మీరన్నది ఒక లైటుకైతే నిజమే. కానీ ఆ రాస్ప్‌బెరీ ఇప్పటికే ఇంట్లో పాటలకూ కెమెరాకూ ఇరవై నాలుగు గంటలూ నడుస్తోంది. ఇంకో కారణం కూడా ఉంది. రాత్రి వసారా లైటు వెలిగి పావుగంటైనా ఆరకపోతే నా ఫోన్‌కు మెసేజ్ రావాలి. అమ్మ ఒకసారి బాత్‌రూమ్ దగ్గర కళ్లు తిరిగి కూర్చుండిపోయింది, మాకు చాలాసేపు తెలియలేదు. ఆ మెసేజ్ కోసమే ఇదంతా.

పికోప్రియ
ఆ సంగతి ముందే చెప్తే నేను అలా అనేదాన్ని కాదు. అయితే రాస్ప్‌బెరీ ఉంచండి. బి చుక్క మాత్రం కలపొద్దు. సెన్సర్ తన లెక్క తాను, ప్రోగ్రామ్ తన లెక్క తాను పెట్టుకుంటే రెండూ ఎప్పుడో ఒకప్పుడు తప్పుతాయి. సెన్సర్ "వేలు ఉంది, వేలు లేదు" అని మాత్రమే చెప్పాలి, ఆన్ ఆఫ్ లెక్క ప్రోగ్రామ్‌లో ఒక్కచోటే ఉండాలి.

అమీర్‌పేట్ బైట్
మధ్యలో దూరుతున్నా. నా రిలే ఆన్ అవుతుంది కానీ ఆఫ్ అవ్వదు. నాలుగు చానెళ్ల మాడ్యూల్, 5 వోల్టుల మీద. పిన్ను హై చేస్తే బోర్డు మీది చిన్న ఎల్ఈడీ మసకబారుతుంది, రిలే మాత్రం వదలదు. ఆర్డ్యునో ఊనోతో అదే మాడ్యూల్ చక్కగా పనిచేస్తుంది.

సోల్డర్‌పొగ
@అమీర్‌పేట్ బైట్ ఆ మాడ్యూల్ పిన్నును "లో" (0 వోల్టులు) చేస్తే ఆన్ అయ్యే రకం. 5 వోల్టుల నుంచి మీ పిన్ను దాకా లోపలి ఆప్టోకప్లర్ (వెలుతురుతో సిగ్నల్ దాటించే భాగం) ఎల్ఈడీ ఉంటుంది. పిన్ను హై అంటే రాస్ప్‌బెరీలో 3.3. ఇంకా 1.7 వోల్టుల తేడా మిగిలింది, ఆ కొద్ది కరెంటే దాన్ని సగం పట్టి ఉంచుతోంది. ఊనో హై అంటే 5, తేడా సున్నా, అందుకే అక్కడ ఆరిపోతుంది.

మాడ్యూల్ మీద జేడీ వీసీసీ, వీసీసీ అని రాసి ఉన్న పిన్నుల మధ్య ఉన్న చిన్న జంపర్ టోపీ తీసేయండి. జేడీ వీసీసీకి 5 ఇవ్వండి, అది రిలే కాయిల్ కోసం. వీసీసీకి రాస్ప్‌బెరీ 3.3 ఇవ్వండి, అది ఆప్టోకప్లర్ కోసం. ఇప్పుడు హై అంటే తేడా సున్నా. కాయిల్ ఒక్కొక్కటి 70 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది, నాలుగూ ఒకేసారి ఆన్ అయ్యేలా ఉంటే 5 వోల్టులు వేరే అడాప్టర్ నుంచి ఇవ్వడం మంచిది.

అమీర్‌పేట్ బైట్
టోపీ తీశాను, పని చేసింది!! నెల నుంచి ఇదే తలనొప్పి. థాంక్యూ అన్నా.

గోదారిగట్టు
ఫైలు చూశాను. దానంతట అదే వెలిగిన ప్రతిసారీ "తాకారు" అనే ఉంది. అంటే సెన్సర్ వైపే. ఇంకో విషయం గమనించాను. అవి ఎక్కువగా రాత్రి పది దాటాక, మా తమ్ముడు వచ్చి అదే ఎక్స్‌టెన్షన్ బాక్సులో తన ఫోన్ చార్జింగ్ పెట్టాక మొదలవుతున్నాయి. ఇన్వర్టర్‌కు మారిన క్షణంలో కూడా ఒక్కసారిగా నాలుగైదు లైన్లు పడుతున్నాయి. బల్లి మాత్రం కనిపించలేదు.

పెంకుటిల్లు
బల్లికి క్లీన్ చిట్.

సోల్డర్‌పొగ
ఇప్పుడు సంగతి తెలుస్తోంది. ఇలాంటి సెన్సర్ ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్తాను, అది తెలిస్తే మిగతాదంతా మీకే తెలుస్తుంది.

రాగి పలకకూ చుట్టూ ఉన్న ప్రపంచానికీ మధ్య కొన్ని పికోఫారడ్ల కెపాసిటెన్స్ (చార్జ్ నిల్వ ఉంచుకునే గుణం) ఉంటుంది. వేలు దగ్గరికొస్తే అది కొద్దిగా పెరుగుతుంది. చిప్ కొలిచేది ఆ కొద్ది పెరుగుదలనే. దేనితో పోల్చి కొలుస్తుంది? తన గ్రౌండ్‌తో, అంటే సర్క్యూట్‌లో సున్నా వోల్టులుగా లెక్కించే వైరుతో. ఆ గ్రౌండ్ నిలకడగా లేకపోతే వేలు లేకుండానే లెక్క మారుతుంది. పీట మీద నిలబడి ఎత్తు కొలుచుకుంటుంటే పీటే ఊగినట్టు.

రెండు పిన్నుల చార్జర్‌కు ఎర్త్ ఉండదు. లోపల మెయిన్స్ వైపుకూ 5 వోల్టుల వైపుకూ మధ్య ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది, దాని గుండా కొంత ఏసీ ఇవతలికి వస్తుంది. రెండు పిన్నుల చార్జర్ పెట్టిన ఫోన్ లోహపు అంచు మీద వేలు జరిపితే ఝుమ్మనిపించడం చాలామందికి తెలిసే ఉంటుంది, అది ఇదే. నాసిరకం చార్జర్‌లో దీనికి తోడు లోపలి స్విచింగ్ వల్ల వచ్చే విద్యుత్ గోల కూడా ఉంటుంది. పక్కన ఇంకో చార్జర్ పెడితే, ఇన్వర్టర్ మారితే, ఆ కుదుపంతా మీ సెన్సర్ గ్రౌండ్‌కు చేరుతోంది.

ఇదే కారణమో కాదో తేల్చడానికి ఒక రాత్రి రాస్ప్‌బెరీని పవర్ బ్యాంకు మీద నడపండి, దాన్ని చార్జింగ్‌లో పెట్టకుండా. దొంగ తాకిళ్లు ఆగిపోతే చార్జరే దోషి.

చిన్నక్క_డల్లాస్
పవర్ బ్యాంకు పరీక్ష మంచిదే, ఒక చిన్న జాగ్రత్త. బ్యాటరీ మీద సర్క్యూట్ అంతా భూమితో సంబంధం లేకుండా ఉంటుంది కాబట్టి సెన్సర్ కొంచెం మొద్దుబారొచ్చు. అమ్మగారు తాకితే వెలగడం లేదని సెన్సర్ పోయిందనుకోవద్దు.

తీరంగాలి
వైరు సంగతి ఎవరూ అడగలేదు. ఆ నాలుగు మీటర్లు ఎలా వెళ్తోంది? బల్బు వైరు పక్కనే ఒకే పైపులోనా?

గోదారిగట్టు
@తీరంగాలి అవును, సగం దూరం బల్బు వైరున్న కేసింగ్‌లోనే. వేరే దారి లేక.

మూడుఫేజులు
అది ముందు తీయాలి. సెన్సర్ గోల కోసం కాదు, ప్రాణం కోసం. ఎక్కడైనా ఇన్సులేషన్ చెడితే 230 నేరుగా మంచం పక్కన పలక మీదికి వస్తుంది. సన్న వైరు మెయిన్స్ వైరుతో ఒకే పైపులో, ఒకే కేసింగ్‌లో వెయ్యకూడదు. వేరే కేసింగ్ కొట్టండి, కనీసం జానెడు దూరంలో. అడ్డంగా దాటాల్సి వస్తే లంబకోణంలో దాటించండి.

చిన్నక్క_డల్లాస్
ఇక్కడ అమెరికాలో కూడా అదే నియమం. లో వోల్టేజ్ వైర్లు మెయిన్స్ ఉన్న బాక్సులోకి మధ్యలో అడ్డుగోడ లేకుండా రానివ్వరు. 120 వోల్టులైనా సరే.

తీరంగాలి
దూరానికి నేను నెట్‌వర్క్ కేబుల్ వాడతాను. ఒక మెలికల జతలో సిగ్నల్, దాని తోడుగా గ్రౌండ్. ఇంకో జతలో 3.3, దాని తోడుగా మళ్లీ గ్రౌండ్. సెన్సర్ దగ్గర, ఆ చివరన, 3.3కూ గ్రౌండ్‌కూ మధ్య 100 నానోఫారడ్లది ఒకటి, 10 మైక్రోఫారడ్లది ఒకటి కెపాసిటర్లు పెట్టండి. సెన్సర్ చిప్ నుంచి పలక దాకా ఉండే వైరు మాత్రం పొట్టిగా ఉండాలి, వేలెడు చాలు. దాన్ని పొడుగు చేస్తే ఆ వైరు మొత్తం టచ్ పలక అయిపోతుంది. చిప్ అవుట్‌పుట్ తర్వాత వైరు పొడుగైనా ఫర్వాలేదు.

మాది విశాఖ, సముద్రం దగ్గర. విప్పి ఉంచిన రాగి పలక పచ్చబడిపోయింది. ఇప్పుడు రాగి రేకును 3 మిల్లీమీటర్ల అక్రిలిక్ వెనక అంటించాను. చెమట చేతులైనా, గాలిలో ఉప్పున్నా ఇబ్బంది లేదు.

నర్సాపురం_లేసు
పలక ఎంత పెద్దదైతే అంత మంచిదా? మా నాన్నగారికి చూపు తక్కువ, అరచేయంత పెడదామనుకుంటున్నా.

తీరంగాలి
@నర్సాపురం_లేసు పెద్దదైతే సున్నితం పెరుగుతుంది. అరచేయంత రేకు పెడితే తాకక ముందే, చెయ్యి అంత దూరంలో ఉండగానే వెలుగుతుంది. దుప్పటి జరిగినా వెలగొచ్చు. సెన్సర్ బోర్డు మీద కెపాసిటర్ పెట్టుకోవడానికి ఖాళీ చోటుంటుంది, అక్కడ 50 పికోఫారడ్ల లోపు పెడితే సున్నితం తగ్గుతుంది. 10తో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. చూపు తక్కువైతే పలక చుట్టూ చేతికి తగిలే ఎత్తు అంచు అతికించండి, అది ఎక్కువ సాయం చేస్తుంది.

గోదారిగట్టు
పవర్ బ్యాంకు మీద రాత్రంతా నడిపాను. ఫైల్లో ఒక్క దొంగ తాకిడి లేదు! తమ్ముడి ఫోన్ అదే బాక్సులో చార్జ్ అవుతూనే ఉంది. చార్జర్ దగ్గరే పట్టుబడింది. పాత చార్జర్ మీద ఉన్నప్పటి సిస్టమ్ లాగ్‌లో అండర్ వోల్టేజ్ అని కూడా చాలా చోట్ల ఉంది.

సోల్డర్‌పొగ
రాస్ప్‌బెరీ 4.63 వోల్టుల కిందికి దిగితే ఆ హెచ్చరిక వేస్తుంది. అంటే ఆ చార్జర్ గోల చేయడమే కాదు, రిలే కాయిల్ లాగినప్పుడు కుంగిపోతోంది కూడా. పై 3కి 5.1 వోల్టులు, 2.5 ఆంపియర్ల అసలు అడాప్టర్ తీసుకోండి. దీని దగ్గర పొదుపు చేయొద్దు.

కోఠీగల్లీ
సరే, సెన్సర్ మార్చమన్న నా సలహా వాపస్. మిగతా రెండు జబ్బులు?

పికోప్రియ
అమ్మగారు తాకితే వెలిగి ఆరడం గురించి నాకో అనుమానం. మామూలు బటన్‌లో లోహం లోహానికి తగిలి ఎగిరెగిరి పడుతుంది, దాన్నే బౌన్స్ అంటారు. టీటీపీ223 అవుట్‌పుట్‌లో అది ఉండదు, శుభ్రంగా వస్తుంది. కాబట్టి మీ వేలితో సమస్య లేదు. అమ్మగారి వేలు నొప్పి వల్ల పలక మీద గట్టిగా నిలవదు, తాకీ తాకనట్టు ఆనుతుంది, కొంచెం వణుకుతుంది. చిప్‌కు అది రెండు తాకిళ్లుగా కనిపిస్తుంది. మొదటిది వెలిగిస్తుంది, రెండోది ఆర్పుతుంది. ఫైల్లో ఆ జంట లైన్ల మధ్య ఎంత తేడా ఉందో చూడండి.

గోదారిగట్టు
@పికోప్రియ చూశాను. జంటగా పడినవన్నీ ముప్పావు సెకను లోపే.

పికోప్రియ
అయితే ఒక తాకిడి తీసుకున్నాక సెకనున్నర దాకా ఇంకే తాకిడినీ లెక్కలోకి తీసుకోవద్దని రాయండి. చివరి తాకిడి టైము గుర్తుపెట్టుకుని పోల్చితే సరిపోతుంది, రెండు లైన్ల పని. సెకనున్నరలో లైటు వేసి ఆర్పాల్సిన తొందర ఎవరికీ ఉండదు. నేనైతే ఇంకో అడుగు ముందుకేస్తాను: రాత్రి పది నుంచి ఉదయం ఐదు దాకా తాకితే ఆన్ మాత్రమే, ఆఫ్ ఉండదు. పది నిమిషాల తర్వాత దానంతట అదే ఆరుతుంది. ఆమె నడుస్తుండగా లైటు ఆరిపోయే అవకాశమే ఉండకూడదు.

నర్సాపురం_లేసు
ఈ ఆన్ మాత్రమే అన్నది చాలా బాగుంది. నేనూ అలాగే చేస్తా.

సోల్డర్‌పొగ
పది నిమిషాల్లో ఆరిపోతే పావుగంట మెసేజ్ ఎలా వస్తుంది? ఆమె ఇంకా అక్కడే ఉంటే చీకట్లో ఉంటారు. ఆరడానికి ముందు మెసేజ్ వెళ్లాలి, లేదా తిరిగొచ్చి పలక తాకితే "వచ్చేశాను" అని లెక్క.

గోదారిగట్టు
@సోల్డర్‌పొగ రెండోదే చేస్తాను. వచ్చి తాకితే ఒక నిమిషం ఆగి ఆరుతుంది. తాకకపోతే పావుగంటకు నాకు మెసేజ్, లైటు వెలుగుతూనే ఉంటుంది. దానంతట అదే ఆరడం తీసేస్తున్నా.

పికోప్రియ
అవును, అదే సరైనది.

సోల్డర్‌పొగ
ఇక మూడోది, కరెంటు వచ్చినప్పుడు టక్కుమనడం. మీ రిలే కూడా పిన్ను "లో" అయితే ఆన్ అయ్యే రకమేనా? అయితే జీపీఐఓ 27 నుంచి మార్చండి. బోర్డు లేచే సమయంలో మీ ప్రోగ్రామ్ ఇంకా రాదు, అప్పటిదాకా పిన్నులు ఇన్‌పుట్‌లుగా ఉంటాయి. 0 నుంచి 8 దాకా ఉన్నవాటికి లోపల పైకి లాగే రెసిస్టర్, 9 నుంచి 27 దాకా ఉన్నవాటికి కిందికి లాగేది. మీది కిందికి, అంటే "లో" వైపు లాగే గుంపులో ఉంది, అందుకే రిలే ఆన్ అవుతోంది. జీపీఐఓ 5 లేదా 6కి మార్చండి, బోర్డు మీద 29, 31 పిన్నులు. ప్రోగ్రామ్‌లో కూడా రిలేను తెరిచే లైన్లోనే "లో అంటే ఆన్, మొదట ఆఫ్" అని చెప్పాలి. పైథాన్ జీపీఐఓ జీరో లైబ్రరీలో దానికి చోటుంది. అది చెప్పకపోతే పిన్నును అవుట్‌పుట్ చేసిన క్షణాన అది "లో" అయి రిలే ఒకసారి కొట్టుకుంటుంది.

ఇంకోటి, సెన్సర్‌కు కరెంటు వచ్చాక అర సెకను స్థిరపడే సమయం కావాలి. ప్రోగ్రామ్ మొదలయ్యాక రెండు సెకన్లు ఆగి వినడం మొదలుపెట్టండి.

చిన్నక్క_డల్లాస్
తర్వాత పై 5కి మారదామనుకునే వాళ్లకు: పాత ఆర్‌పీఐ జీపీఐఓ లైబ్రరీతో రాసినవి అక్కడ నడవవు. పిన్నులన్నీ ఆర్‌పీ1 అనే వేరే చిప్ చేతుల్లోకి వెళ్లిపోయాయి. జీపీఐఓ జీరోతో రాస్తే ఏమీ మార్చక్కర్లేదు.

మూడుఫేజులు
నా ప్రశ్న ఇంకొకటుంది. రాస్ప్‌బెరీ ఒక రాత్రి లేవలేదు. ఎస్‌డీ కార్డు పోయింది. అప్పుడు ఆవిడ లైటు ఎలా వేసుకుంటారు?

గోదారిగట్టు
గోడ స్విచ్ ఇప్పుడు రిలేకు ముందు ఉంది, ఎప్పుడూ ఆన్‌లోనే పెట్టి ఉంచాం. రాస్ప్‌బెరీ పోతే లైటు లేదు. ఇదే నాకూ టెన్షన్.

మూడుఫేజులు
దీనికి పాత మందుంది: మెట్ల దగ్గర వేసే టూ వే వైరింగ్. గోడ స్విచ్ తీసి అక్కడ టూ వే స్విచ్ పెట్టండి. ఫేజ్ వచ్చి దాని మధ్య పిన్నుకు. మిగతా రెండు పిన్నుల నుంచి రెండు వైర్లు, ఒకటి రిలే ఎన్‌ఓకి (రిలే ఆన్ అయితే కలిసే పిన్ను), ఒకటి ఎన్‌సీకి (రిలే ఆఫ్‌లో కలిసి ఉండే పిన్ను). రిలే కామన్ నుంచి బల్బుకు. న్యూట్రల్ నేరుగా బల్బుకు.

ఇప్పుడు రిలే రెండో స్విచ్ అయింది. రాస్ప్‌బెరీ చచ్చినా, రిలే ఊడినంత పనైనా, అది ఎన్‌సీ మీద నిలిచి ఉంటుంది, గోడ స్విచ్ మామూలు స్విచ్‌లా పనిచేస్తుంది. పలక దగ్గర ఒకరు, గోడ దగ్గర ఒకరు, ఎవరైనా వేయొచ్చు ఆర్పొచ్చు. చేతికి తెలియకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి "టూ వే" అనండి, గంట పని.

పికోప్రియ
ఇది చాలా మంచి పద్ధతి, ఒక్క చిక్కుతో. గోడ స్విచ్‌తో మార్చినప్పుడు లైటు వెలుగుతోందో లేదో ప్రోగ్రామ్‌కు తెలియదు. పావుగంట మెసేజ్ తప్పుడుగా రావొచ్చు. "రాత్రి ఆన్ మాత్రమే" అన్నది కూడా కుదరదు.

మూడుఫేజులు
మెసేజ్ తప్పుగా వస్తే ఫోన్ చేసి కనుక్కుంటాడు. లైటు లేకపోతే ఆవిడ పడిపోతుంది. నాకైతే ఏది ముఖ్యమో తెలుసు.

తీరంగాలి
ఇద్దరిదీ కుదురుతుంది. బల్బు దగ్గర ఒక చిన్న లైట్ సెన్సర్ మాడ్యూల్ పెట్టండి, వెలుతురు ఉందా లేదా అని డిజిటల్ సిగ్నల్ ఇచ్చేది. మెయిన్స్‌తో దానికి సంబంధం లేదు. ప్రోగ్రామ్ రిలేను కాదు, వెలుతురును నమ్ముతుంది. రాత్రి పలక తాకినప్పుడు వెలుతురు లేకపోతే వెంటనే రిలే మారుస్తుంది, ఉంటే "వచ్చేశాను" అని లెక్క. బల్బు మాడిపోయినా తెలుస్తుంది, అది అదనపు లాభం.

పికోప్రియ
@తీరంగాలి ఇది నాకు తట్టలేదు. ఒప్పుకున్నా.

అమీర్‌పేట్ బైట్
రిలే శబ్దం వల్ల పెద్దవాళ్ల నిద్ర చెడుతుంది కదా, ఎస్ఎస్‌ఆర్ (కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ రిలే) పెట్టొచ్చా? శబ్దమే ఉండదు.

మూడుఫేజులు
@అమీర్‌పేట్ బైట్ చిన్న ఎల్ఈడీకి చాలా ఎస్ఎస్‌ఆర్‌లు కుదరవు. ఆఫ్‌లో కూడా వాటి గుండా కొద్ది కరెంటు కారుతుంది. ఫిలమెంట్ బల్బుకు అది లెక్కలోకి రాదు, ఎల్ఈడీ మాత్రం రాత్రంతా మసకగా మినుకుమంటుంది. పైగా దాంట్లో ఎన్‌సీ ఉండదు, టూ వే పద్ధతి పోయినట్టే. రిలే హాల్లో ఉంటే శబ్దం గదిలోకి రాదు.

నర్సాపురం_లేసు
నేను మెయిన్స్ జోలికే వెళ్లను, భయం. 12 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్ మంచం కింద అంచుకు అంటించి మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) మాడ్యూల్‌తో నడుపుదామని. ఐఆర్ఎఫ్520 అని రాసి ఉన్న మాడ్యూల్ చూశాను, బాగుంటుందా?

సోల్డర్‌పొగ
@నర్సాపురం_లేసు ఆలోచన చాలా మంచిది, ఆ మాడ్యూల్ వద్దు. ఐఆర్ఎఫ్520 పూర్తిగా తెరుచుకోవాలంటే గేట్ (సిగ్నల్ ఇచ్చే కాలు) మీద 10 వోల్టులు కావాలి. 3.3 ఇస్తే అరకొరగా తెరుచుకుని స్ట్రిప్ మసకగా వెలుగుతుంది, ఎక్కువ లోడు వేస్తే వేడెక్కుతుంది. 3.3కే తెరుచుకునే ఏఓ3400 లాంటిది ఉన్న మాడ్యూల్ అడగండి. స్ట్రిప్ 12 వోల్టుల అడాప్టర్ గ్రౌండ్‌నూ రాస్ప్‌బెరీ గ్రౌండ్‌నూ కలపడం మాత్రం మర్చిపోవద్దు, కలపకపోతే ఏదీ పనిచేయదు.

మాస్‌ఫెట్‌తో ఇంకో లాభం, వెలుతురును మెల్లగా పెంచొచ్చు. చీకట్లో కళ్లు తెరిచినవాళ్లకు ఒక్కసారిగా 9 వాట్లు కొడితే కళ్లు బైర్లు కమ్ముతాయి. రెండు మూడు సెకన్లలో మెల్లగా పెంచి ముప్పై శాతం దగ్గర ఆపండి. నేలకు దగ్గరగా ఉన్న వెలుతురు నడవడానికి సరిపోతుంది.

గోదారిగట్టు
కొత్త అడాప్టర్ వచ్చింది. వేరే కేసింగ్‌లో నెట్‌వర్క్ కేబుల్ వేశాను, సెన్సర్ దగ్గర రెండు కెపాసిటర్లు పెట్టాను. రిలేను జీపీఐఓ 5కి మార్చాను. ఎలక్ట్రీషియన్ వచ్చి టూ వే వైరింగ్ చేసి వెళ్లాడు. తమ్ముడి చార్జర్ పెట్టి, ఇన్వర్టర్‌కు మార్చి, మెయిన్ దించి వేసి చూశాను. దొంగ తాకిడి లేదు, టక్కుమనడం లేదు. రాస్ప్‌బెరీ వైరు పీకేసి గోడ స్విచ్ వేయమని అమ్మతోనే చెప్పాను, వెలిగింది. వెలుతురు సెన్సర్ ఆర్డర్ పెట్టాను. పూజ గదికి కూడా ఒకటి పెట్టమంటోంది ఇప్పుడు.

చిన్నక్క_డల్లాస్
ఇది చదివి చాలా సంతోషమేసింది. ఎస్‌డీ కార్డు గురించి ఒక్క మాట. మీ దగ్గర కరెంటు తరచూ పోతుంటే, రాస్ప్‌బెరీ కాన్ఫిగ్ మెనూలో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేయండి. కార్డు మీద ఏమీ రాయదు కాబట్టి మధ్యలో కరెంటు పోయినా చెడదు. లాగ్ ఫైలు మాత్రం ఒక పెన్ డ్రైవ్‌లోకి మళ్లించుకోండి, లేకపోతే రీబూట్ అయితే పోతుంది.

కోఠీగల్లీ
పూజ గదికైతే పలక దీపాలకు దూరంగా పెట్టన్నా. నూనె చేతులు, పసుపు నీళ్లు, అభిషేకం తడి. నీటి పొర పలక మీద పడితే వేలు అనుకుంటుంది.

తీరంగాలి
నిజం. అక్రిలిక్‌ను నిలువుగా పెట్టండి, నీళ్లు నిలవవు. అక్కడ రెండు మూడు లైట్లుంటే విడివిడి టీటీపీ223ల బదులు ఎంపీఆర్121 అనే టచ్ బోర్డు తీసుకోండి. పన్నెండు పలకలు, రాస్ప్‌బెరీకి ఐటూసీ అనే పద్ధతిలో రెండు సిగ్నల్ వైర్లే, 3.3 మీదే నడుస్తుంది. ఐటూసీ పొడుగు వైరుకు తగదు కాబట్టి బోర్డు దగ్గరగా ఉండాలి.

నర్సాపురం_లేసు
ఫ్యాన్‌కు కూడా ఇదే రిలే వాడొచ్చా? నాన్నగారికి తెల్లవారుజామున చలేస్తుంది, లేచి ఆపలేరు.

మూడుఫేజులు
@నర్సాపురం_లేసు ఆన్ ఆఫ్‌కు వాడొచ్చు, ఇప్పుడున్న రెగ్యులేటర్‌కు వరసలో. స్పీడు మార్చాలని లైటు డిమ్మర్ మాత్రం పెట్టకండి, మోటార్ గుర్రుమంటుంది, వేడెక్కుతుంది. ఫ్యాన్ మోటార్ కాబట్టి ఆపిన ప్రతిసారీ కాంటాక్ట్ దగ్గర మెరుపు వస్తుంది, 10 ఆంపియర్ల మంచి రిలే తీసుకుని కాంటాక్ట్‌ల మీదుగా ఏసీకి పనికొచ్చే స్నబ్బర్ (ఆ మెరుపును తగ్గించే భాగం) వేయించండి. మీరు మెయిన్స్ అంటే భయమన్నారు కదా, అది మంచిదే. ఈ పని ఎలక్ట్రీషియన్‌తో చేయించి, మీరు 3.3 వైపు మాత్రం చూసుకోండి.

నర్సాపురం_లేసు
అలాగేనండి. ఆదివారం మనిషిని పిలుస్తున్నా. వైరింగ్ ఫొటో తీసి ఇక్కడే పెడతా, మూత వేసే ముందు ఒకసారి చూసి చెప్పండి.